మూడు గంటల హాజరు

ఆ ఎండాకాలం మొదట్లో మా బావకి ఆరు గంటలు తక్కువయ్యాయి.

ఇంజనీరుకి ఒకసారి లైసెన్సు వస్తే జీవితాంతం ఉండిపోదని నాకు ఉద్యోగంలో చేరాకే తెలిసింది. మూడేళ్లకోసారి దాన్ని కొత్తగా రాయించుకోవాలి. ఇన్ని గంటలు కొత్త పాఠాలు విన్నానని కాగితం చూపించాలి. ఆ పాఠాలు చెప్పించేదీ, విన్నారని కాగితం ఇచ్చేదీ ఇంజనీర్ల సంఘం. మా దగ్గర దాని శాఖ ఒక టైల్సు దుకాణం పైన ఉండేది. ఒక హాలు, పక్కన చిన్న గది, మెట్లెక్కి రాగానే వరండాలో ఒక బల్ల. ఆ బల్ల మీద హాజరు రిజిస్టరు ముందేసుకుని నేను కూర్చునేదాన్ని. పల్లెటూరి బడిలో చదువు ముగించుకుని అక్కావాళ్ల ఇంటికి వచ్చిన నాకు ఆ పని ఇప్పించింది బావే.

సంఘం కార్యదర్శి నీటి సరఫరా ఆఫీసులో చేసి రిటైరైన పెద్దమనిషి. ఆయన్ని అందరూ చాటున నిమిషాలాయన అనేవాళ్లు. పది గంటల క్లాసుకి పదీ పదికి వచ్చినవాడికి హాజరు లేదు. మధ్యలో లేచిపోయినవాడికీ లేదు. "గంటంటే అరవై నిమిషాలమ్మా. యాభై రెండు నిమిషాలు కూర్చున్నవాడు గంట కూర్చున్నట్టు కాదు. గట్టు మీద అడుగు తక్కువ కడితే నీళ్లు ఆగుతాయా?" అనేవాడు నాతో. ఆయన మాట నాకు నచ్చేది. మా బడిలో అంత కచ్చితంగా ఉండే మాస్టరు ఒక్కరూ లేరు.

ఆ శనివారం ఎండ పొద్దున్నే మొదలైంది. రావాల్సినవాళ్లు నలభై మంది, వచ్చింది ఏడుగురు. బంకమట్టి నేలల్లో పునాదులు ఎలా వేయాలన్నది ఆ రోజు పాఠం. చెప్పడానికి వేరే ఊరి నుంచి ఒక ప్రొఫెసరు వచ్చాడు. బావ పదికి రెండు నిమిషాలుందనగా చెమటలు కక్కుతూ మెట్లెక్కి వచ్చాడు.

"ఏమోయ్ మరదలా, లోపలికి వదుల్తావా, మీ అక్క దగ్గర్నుంచి ఉత్తరం తేవాలా?"

"ఇంకో రెండు నిమిషాలైతే ఉత్తరం తెచ్చినా లాభం లేదు బావా."

"ఇంట్లో వడ్డించేది మీ అక్క కాబట్టి బతికిపోయాను. నువ్వైతే ఆలస్యమైందని కంచం ఎత్తేసే రకానివి," అంటూ సంతకం పెట్టాడు. బావ సంతకం పొడుగ్గా, చివర ఒక గీత రిజిస్టరు గడి దాటి పక్క గడిలోకి పోయేది. పక్కవాళ్ల స్థలంలోకి సన్‌షేడ్ దించాడు అని మిగతా ఇంజనీర్లు నవ్వేవాళ్లు.

క్లాసు మొదలైన అరగంటకి బావ ఫోన్ చేత్తో మూసి పట్టుకుని వరండాలోకి వచ్చాడు. నాకు మూడడుగుల దూరంలో నిలబడి మాట్లాడాడు. అవతల మాట్లాడేది ఇనుప పని మేస్త్రి. బావ కట్టిస్తున్న చిన్న గ్రంథాలయం ముందు, స్తంభాలు లేకుండా ముందుకు చాచుకుని ఉండే పోర్టికోకి ఆ రోజే స్లాబు పోస్తున్నారు. మేస్త్రి గొంతు ఫోన్లోంచి బయటికే వినిపిస్తోంది.

"సార్, చైర్లు సగం కూడా రాలేదు. మీరొచ్చి ఒకసారి చూస్తే..."

చైర్లంటే పైరాడ్లని కింద పడకుండా ఎత్తి పట్టే చిన్న ఇనుప కాళ్లు.

"ఉన్నవి ఎడంగా సర్దు."

"సర్దితే ఆగవు సార్. మనుషులు నడుస్తారు కదా పోసేటప్పుడు."

"మిక్సరు వచ్చిందా?"

"వచ్చి నిలబడింది."

"నిలబడితే ఇంకా ఆలోచనేంటయ్యా, పోసేయండి. మనవాళ్లని చూసి నడవమను. నేనిక్కడ లేస్తే మూడు గంటలూ పోతాయి. సాయంత్రం వస్తాను."

ఫోన్ జేబులో వేసుకుని, "నాలుగు నిమిషాలే. నిమిషాలాయనకి చెప్పకు," అని కన్నుగీటి లోపలికి వెళ్లాడు. క్లాసు చివర్లో బావ గొంతు వినిపించింది. వానాకాలం నేల ఉబ్బితే పాత పునాది పక్కన కొత్తది ఎంత దూరంలో వేయాలని అడిగాడు. మంచి ప్రశ్న అన్నాడు ప్రొఫెసరు. సోమవారం నేను టైపు చేసిన క్లాసు నివేదికలో ఆ ప్రశ్న బావ పేరుతో సహా ఉంది. రాసిచ్చింది నిమిషాలాయనే.

మూడు వారాలకి బావ ఒకరోజు మధ్యాహ్నం పన్నెండుకే ఇంటికి వచ్చాడు. చెప్పులు విప్పకుండా వంటింటి గుమ్మంలో కూర్చున్నాడు.

"ఏమైందండీ?" అంది అక్క.

"పోర్టికో దిగిపోయింది."

"దిగిపోవడమంటే?"

"సెంట్రింగ్ తీశారు. తీయగానే వచ్చేసింది."

అక్క చేతిలో గరిటె అలాగే ఉంది. "కింద ఎవరైనా ఉన్నారా?"

"మేస్త్రి తమ్ముడు. కింద ఆనించిన పోటు కర్రలు ఊడదీసేది వాడే."

"ఎలా ఉన్నాడు?"

"లేడు."

అక్క స్టవ్ కట్టేసింది. కాసేపటికి మళ్లీ వెలిగించింది.

అలాంటి స్లాబు ముందుకు చాపిన చెయ్యి లాంటిది. చెయ్యి మీద బరువు పెడితే సాగేది పైచర్మం. అందుకని రాడ్లు పైన ఉండాలి. కింద ఎన్ని ఉన్నా పనికి రావు. విరిగిన పోర్టికోలో రాడ్లన్నీ అడుగున ఉన్నాయి. పోసేవాళ్ల కాళ్ల కింద నలిగి, ఒక్కొక్కటి కాంక్రీటుతో పాటు దిగిపోయాయి. అది చూసినవాళ్లెవరికైనా అర్థమైపోతుంది. అర్థం కావాల్సింది ఒకటే. పోసేముందు ఎవరు చూశారు?

సైటు రిజిస్టరులో ఆ శనివారం తేదీ మీద బావ రాత ఉంది. 'ఉదయం పదింబావుకు స్వయంగా తనిఖీ చేశాను. పైరాడ్లు, చైర్లు సరిగా ఉన్నాయి. పోయవచ్చు.' కింద సంతకం. మా రిజిస్టరులో అదే తేదీ మీద, పది నుంచి ఒంటిగంట దాకా, అదే సంతకం.

తప్పు ఎవరిదో తేల్చి చెప్పమని పోలీసులు సంఘాన్నే అడిగారు. సంఘం ముగ్గురితో కమిటీ వేసింది.

కమిటీ కూర్చోవడానికి వారం ఉందనగా, ఒక మధ్యాహ్నం అక్క నా వెనకాల కూర్చుని జుట్టు చిక్కు తీయడం మొదలుపెట్టింది. ఇంటికొచ్చిన కొత్తలో అలా చేసేది. మళ్లీ ఆ రోజే.

"ఆ శనివారం మీ బావ క్లాసుకి రాలేదు కదే," అంది.

"వచ్చారక్కా."

"రాలేదు. గంటలు తక్కువయ్యాయని ఇంట్లో అనుకుంటుంటే విన్నావు. బావ కదా అని జాలిపడి నువ్వే పెట్టావు సంతకం. ఆయనకి తెలియను కూడా తెలియదు."

దువ్వెన చిక్కులో ఆగింది. అక్క లాగలేదు. వేళ్లతో మెల్లగా విడదీసింది.

"మరి ఫోన్..."

"ఏ ఫోన్?"

నేను తల వెనక్కి తిప్పబోతే, అక్క దువ్వెనతోనే మళ్లీ ముందుకి తిప్పింది.

"నీకు పోయేదేముందే? రిజిస్టరు పనే కదా. ఇంకోటి దొరుకుతుంది. ఆయన లైసెన్సు పోతే మళ్లీ రాదు. జైలన్నా అనొచ్చు. అప్పుడు నేనూ నువ్వూ ఏ మొహంతో అమ్మ దగ్గరికి వెళ్తాం?"

"మేస్త్రి మీదికి పోతుంది కదక్కా."

"మేస్త్రికి తమ్ముడే పోయాడు," అంది అక్క, పాయలు విడదీస్తూ. "ఇంకేం పోతుంది వాడికి?"

బావ పక్కగదిలోనే పేపరు పట్టుకుని ఉన్నాడు. పేజీ తిప్పిన చప్పుడు ఒక్కసారి కూడా రాలేదు. అక్క జడ అల్లి, కొసన ముడి వేసి, నా భుజం మీద నుంచి ముందుకు వేసింది.

మర్నాడు బావ పాత డ్రాయింగు కాగితాల కట్ట తెచ్చి బల్ల మీద పెట్టాడు. వెనకవైపు ఖాళీగా ఉన్నవి. కమిటీవాళ్లు సంతకం పెట్టి చూపించమంటే చూపించగలగాలి. ఒకటి పెట్టి నా ముందుకు జరిపాడు.

"మొదటి అక్షరం పెద్దదిగా. చెయ్యి ఎత్తకూడదు. ఎత్తితే తెలిసిపోతుంది."

రాశాను.

"గీత చూడు, అక్కడ భయపడ్డావు. ఆపకుండా బయటికి లాగెయ్."

మళ్లీ రాశాను.

బావ మంచి ఓపికస్తుడు. తిట్టలేదు, విసుక్కోలేదు. నా వేళ్లు పట్టుకుని పెన్ను ఎంత వాలుగా పట్టుకోవాలో చూపించాడు. రెండు మధ్యాహ్నాలు కూర్చున్నాం. రెండో రోజు చివర్లో నేను పెట్టినదాన్నీ తను పెట్టినదాన్నీ పక్కపక్కన పెట్టి చూశాడు. ఏది ఎవరిదో తనకే తెలియలేదు. "చదువుకుంటే బాగా పైకొచ్చేదానివి," అన్నాడు. ఆ కాగితాలన్నీ అక్క పెరట్లో కాల్చేసింది.

కమిటీ మా హాల్లోనే కూర్చుంది. నిమిషాలాయన, ఒక కాలేజీ మాస్టారు, వేరే ఊరి శాఖ నుంచి వచ్చిన ఇంజనీరు. ఆ రోజు క్లాసుకి వచ్చిన మిగతా ఆరుగురినీ ముందు పిలిచారు. బావని చూసినట్టు ఒక్కరికీ గుర్తు లేదు. చూడలేదనీ ఎవరూ అనలేదు. "తెర మీద బొమ్మలేసేటప్పుడు హాలు చీకటి చేస్తాం కదండీ," అన్నాడు ఒకాయన. బావ పక్క కుర్చీలో కూర్చున్నది ఆయనే. టీ తాగేటప్పుడు బావ దగ్గర బిస్కెట్టు కూడా తీసుకున్నాడు.

తర్వాత మేస్త్రిని పిలిచారు. యాభై ఏళ్లుంటాయి. ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"ఇంజనీరుగారు రాలేదు సార్. నేను ఫోన్ చేశాను. చైర్లు తక్కువున్నాయన్నాను. పోసేయమన్నాడు."

"ఫోన్ చేసినట్టు కనపడుతోంది," అన్నాడు కాలేజీ మాస్టారు. "ఇంజనీరుగారూ ఒప్పుకున్నారు. పదింబావుకి వచ్చి చూసి పక్క సైటుకి వెళ్లానని, అక్కడుంటే నువ్వు చేశావనీ చెప్పారు. మిక్సరు వచ్చిందని చెప్పడానికి చేశావట."

"కాదు సార్."

"ఏం మాట్లాడుకున్నారో విన్నవాళ్లు ఎవరైనా ఉన్నారా?"

"ఉన్నాడు సార్. నా పక్కనే నిలబడి విన్నాడు."

"పిలువు మరి."

మేస్త్రి కాసేపు ఆయన వంక చూశాడు. "మా తమ్ముడు సార్," అన్నాడు.

కాలేజీ మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. నిమిషాలాయన నన్ను పిలిచాడు. మేస్త్రిని వెళ్లమని ఎవరూ అనలేదు, అందుకని ఆయన గోడవారగా నిలబడిపోయాడు.

"ఈ సంతకం ఎవరిదమ్మా?"

నా బల్ల మీద ఎప్పుడూ ఉండే రిజిస్టరే. నా వైపు తిప్పి పెట్టి ఉంది.

"నేనే పెట్టానండి."

"ఎందుకు?"

"బావకి గంటలు తక్కువయ్యాయని. ఆయనకి తెలియదండి."

"ఒకసారి పెట్టి చూపించు."

తెల్లకాగితం ఇచ్చారు. చెయ్యి ఎత్తకుండా, భయపడకుండా, గీత ఆపకుండా లాగాను. వేరే ఊరి ఇంజనీరు కాగితం ఎత్తి వెలుతురుకి పెట్టి చూశాడు. "దొంగతనానికి కూడా చెయ్యి తిరగాలి," అన్నాడు. కాలేజీ మాస్టారు చిన్నగా నవ్వాడు.

నిమిషాలాయన నవ్వలేదు. ఆయన ముందు ఆ రోజు క్లాసు నివేదిక ఉంది. నేను టైపు చేసినది కాదు. 'ప్రశ్నలు' అన్నచోట 'లేవు' అని ఉంది. అక్షరాలు కొత్తగా ఉన్నాయి. నేను దాన్ని చూడటం ఆయన చూశాడు. కాగితాన్ని రిజిస్టరు కిందకి జరిపాడు.

"నిమిషం తక్కువైతే హాజరు ఇవ్వని సంఘం అమ్మా ఇది," అన్నాడు. "ఇరవై ఏళ్లుగా ఒక్క గంట ఎక్కువ రాయలేదు, ఒక్క గంట తక్కువ రాయలేదు. నిన్ను నమ్మి పుస్తకం నీ చేతికిచ్చాను. పెద్దచదువులు లేకపోతే పోనీ, నిజాయితీ ఉండాలి. మీ ఊళ్లో నీకది ఎవరూ నేర్పలేదా?"

నేర్పలేదండి అన్నాను. మేస్త్రి గోడ దగ్గర్నుంచి నా వైపే చూస్తున్నాడు. కోపం లేదు. పని మీద కొత్త మనిషి వస్తే, ఆ మనిషి చేతిపని ఎలా ఉంటుందో అని చూస్తాం కదా, అలా చూశాడు.

వారంలో తీర్పు వచ్చింది. తనిఖీ జరిగింది. తర్వాత మేస్త్రి మనుషులు అజాగ్రత్తగా పైరాడ్లని తొక్కి కిందికి దించారు. మేస్త్రి సంఘం పెట్టే శిక్షణ పూర్తి చేసేదాకా సభ్యులెవరూ అతన్ని పనిలో పెట్టుకోకూడదు. నా ఉద్యోగం ఆ రోజుతో సరి. బావ హాజరులోంచి ఆ మూడు గంటలు కొట్టేశారు.

ఇంట్లో నాకు మర్యాద పెరిగింది. ఫ్యాను కిందున్న మంచం నాకిచ్చారు. మరదలా అని వెక్కిరించే బావ, "తిన్నావా అమ్మా" అని అడగడం మొదలుపెట్టాడు. నేను గదిలోకి వెళ్తే మాట ఆపి, కుర్చీ ఖాళీ చేసేవాడు. పక్కింటివాళ్లు వస్తే అక్క గొంతు తగ్గించి, "చిన్నపిల్ల, ఏదో బావ మీద ప్రేమకొద్దీ చేసింది. ఆయన ఎంత బాధపడ్డారో," అని చెప్పేది. బయటివాళ్లకి అలాగే చెప్పాలి కదా అనుకున్నాను.

ఒకరోజు ఇంట్లో మేమిద్దరమే ఉన్నాం. అక్క బట్టలు మడతపెడుతోంది. ఉన్నట్టుండి, "ఇంకెప్పుడూ అలా ఎవరి సంతకాలూ పెట్టకే," అంది. "ఈసారంటే మనవాళ్లు కాబట్టి సరిపోయింది."

నేను అక్క మొహంలోకి చూశాను. అందులో ఏ దాపరికమూ లేదు. నిజంగానే నా గురించి బెంగపడుతోంది.

"పెట్టనక్కా," అన్నాను.

ఎండాకాలం అయిపోవస్తోంది. మధ్యలో ఇంకో మూడు గంటల క్లాసు విన్నా, బావకి ఇంకా మూడు గంటలు తక్కువ. క్లాసులన్నీ అయిపోయాయి. అప్పుడు నిమిషాలాయనే దారి చెప్పాడట. పాఠం వింటే గంటకి గంట, చెబితే గంటకి రెండు గంటలు. పని చేసే మేస్త్రీలకి సంఘం ఏటా ఒకరోజు శిక్షణ పెడుతుంది, చెప్పడానికి ఎప్పుడూ ఎవరూ దొరకరు. ఈసారి బావ చెప్తానన్నాడు. పాఠం పేరు, 'పైరాడ్లు తొక్కకండి'. వచ్చేవాళ్లలో చాలామందికి రాయడం రాదు, ఫారాలు నింపడానికి మనిషి కావాలి. ఆ ఒక్కరోజుకి నన్ను తీసుకెళ్లారు.

హాలు నిండిపోయింది. గచ్చు మీద కూడా కూర్చున్నారు. బావ బాగా చెప్పాడు. అది ఒప్పుకోవాలి. కుడిచెయ్యి ముందుకి చాపి, ముందు వరసలోని మనిషిని పిలిచి మోచేతికి ఒక ఇటుకల సంచీ తగిలించమన్నాడు. చెయ్యి వణుకుతూ ఉండగా అడిగాడు.

"ఇప్పుడు చెప్పండి. సాగుతున్నది పైనా, కిందా?"

కొందరు కింద అన్నారు. కొందరు నవ్వారు. కిటికీ పక్క నుంచి ఒక గొంతు వచ్చింది.

"పైన."

మేస్త్రి. అదే ఉతికిన చొక్కా.

బావ సంచీ దించి చెయ్యి నలుపుకున్నాడు. "పైన. విన్నారుగా," అని బోర్డు వైపు తిరిగి బొమ్మ వేయడం మొదలుపెట్టాడు. బొమ్మ చాలాసేపు వేశాడు.

పాఠం అయ్యాక ఫారాల కోసం వరస కట్టారు. నా దగ్గరికి ఒక్కొక్కరే వచ్చి కూర్చుని, ఎన్నేళ్లుగా పని చేస్తున్నదీ, ఏ పని వచ్చో చెప్పారు. తొమ్మిదోవాడుగా మేస్త్రి వచ్చాడు. పేరు, వయసు, ముప్పై రెండేళ్ల అనుభవం అన్నీ రాశాను. ఆరో ప్రశ్న చదివాను.

"గతంలో మీ పనిలో లోపం వల్ల ప్రమాదం జరిగిందా?"

ఆయన వెనక్కి తిరిగి హాలు వైపు చూశాడు.

"ఏం రాయమంటారు?" అన్నాను.

"లేదు అని రాస్తే?"

"కమిటీ కాగితంతో సరిచూస్తారు. సర్టిఫికెట్ ఇవ్వరు."

"అది లేకపోతే పన్లోకి రానివ్వరు."

"రానివ్వరు."

"మరి నన్నెందుకమ్మా అడగడం," అన్నాడు. గొంతు పెంచలేదు. వెనకాల నిలబడ్డవాళ్లకి వినపడను కూడా లేదు. "ఆ రోజు మీరు చెప్పిందే రాయండి."

అవును అన్నచోట టిక్కు పెట్టాను. దాని కింద వివరాలు అని ఉంది.

"ఇది కూడా నింపాలి," అన్నాను. "రెండు గీతలున్నాయి."

మేస్త్రి ఫారం మీదికి వంగి ఆ గీతలని చూశాడు. చదవడం రాదు కానీ పొడుగు కొలవడం వచ్చు. కాస్త ఆలోచించి, సరుకుల చీటీ రాయించినట్టు ఒక్కో మాటా ఆపి చెప్పాడు.

"పైరాడ్లు తొక్కాం. స్లాబు పడింది. తమ్ముడు పోయాడు."

రాశాను. ఒక గీతలోనే పట్టింది.

"ఇంకో గీత ఉంది," అన్నాను.

"ఖాళీగా ఉంటే ఒప్పుకోరా?"

హాల్లో బావ ఎవరితోనో మాట్లాడుతున్నాడు. నిమిషాలాయన గడియారం చూసి పుస్తకంలో ఏదో రాసుకుంటున్నాడు.

"ఒప్పుకుంటారు," అన్నాను. ఫారం ఆయన వైపు తిప్పి, బొటనవేలు ఎక్కడ పెట్టాలో చూపించాను.